2147483647 ప్రధాన సంఖ్యేనా? కాగితం, కాలిక్యులేటర్‌తో మీరే తేల్చుకునే పద్ధతి

జనవరి ఒకటో తారీఖున హుండీలో ఒక రూపాయి వేశారనుకోండి. రెండో తారీఖున రెండు, మూడున నాలుగు, నాలుగున ఎనిమిది, ఇలా రోజూ ముందు రోజుకి రెట్టింపు. మొదటి వారం సరదాగానే ఉంటుంది. ఇరవయ్యో తారీఖుకి ఒక్కరోజు వాటానే ఐదు లక్షలు దాటుతుంది. 31 రాత్రి హుండీ పగలగొట్టి లెక్కపెడితే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 రూపాయలు.

ఆ సొమ్మును కొంతమందికి సమానంగా పంచాలంటే కుదరదు. ఇద్దరికి, ముగ్గురికి, వందమందికి, లక్షమందికి, ఎంతమందికి పంచినా ఎంతో కొంత మిగులుతుంది. మొత్తం ఒక్కరికే ఇచ్చేయాలి, లేదంటే 214 కోట్ల చిల్లర మందికి తలా ఒక రూపాయి ఇవ్వాలి. ప్రధాన సంఖ్య అంటే అర్థం ఇదేనని ఆరో తరగతిలోనే చదువుకున్నాం. అయితే ఇంత పెద్ద సంఖ్య విషయంలో ఆ మాట నమ్మేదెలా? 1772లో ఆయిలర్ అనే గణితవేత్త దీన్ని తేల్చేనాటికి ఆయన చూపు దాదాపు పోయింది. కంప్యూటర్ మాట అటుంచి కాలిక్యులేటర్ కూడా లేదు. ఆయన వెళ్ళిన దారిలో మనమూ నడుద్దాం. దారిలో ఈ సంఖ్య గుణగణాలు వాటంతటవే బయటపడతాయి.

కావలసినవి ఒక నోటుబుక్కు, ఫోన్‌లో కాలిక్యులేటర్, ఒక ఆదివారం మధ్యాహ్నం. తెలిసి ఉండాల్సింది శేషం అంటే ఏమిటో, అంతే. మధ్యలో ఒకచోట మాత్రం పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాష ఉంటే పని సులువవుతుంది.

మెట్టు 1: సంఖ్యను సరైన రూపంలో రాసుకోవడం

2147483647 అని పది అంకెలుగా చూస్తే ఇందులో పట్టుకోవడానికి ఏ ఆధారమూ కనిపించదు. హుండీ లెక్కలోకి వెళ్ళండి. ఏ రోజు వాటా అయినా, అంతకుముందు పడిన మొత్తం కంటే సరిగ్గా ఒక రూపాయి ఎక్కువ. 1, 2, 4 కలిపితే 7, తర్వాతి రోజు 8. కాబట్టి 31 రోజుల మొత్తం 32వ రోజు వాటా కంటే ఒకటి తక్కువ. 32వ రోజు వాటా 2ను 31 సార్లు వేసుకుని గుణించినది. అంటే మన సంఖ్య 2^31 − 1.

ద్విసంఖ్యామానంలో, అంటే 0, 1 మాత్రమే వాడే పద్ధతిలో రాస్తే ఇది వరుసగా 31 ఒకట్లు. మధ్యలో ఒక్క సున్నా లేదు. ఇకమీద మనం వాడబోయే ప్రతి కిటుకూ ఈ రూపం మీదే ఆధారపడుతుంది. ఇదే సైజు ప్రధాన సంఖ్య మరొకటి, ఉదాహరణకి దీని పక్కింటి 2147483629 తీసుకుంటే, ఇన్ని సౌకర్యాలు ఉండవు.

ఇలా 2 ఘాతంలోంచి ఒకటి తీసేసినప్పుడు వచ్చే ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. మెర్సెన్ పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి. 1644లో ఆయన ఏ ఘాతాంకాలకు (2^31లో 31 లాంటివాటికి) ఇవి వస్తాయో ఒక జాబితా ఇచ్చాడు. అందులో 31 ఉంది, అది ఒప్పు. 67, 257 కూడా ఉన్నాయి, అవి తప్పు. 61, 89, 107 ఉండాల్సింది, లేవు. అయినా పేరు ఆయనకే దక్కింది.

మెట్టు 2: ముందు ఘాతాంకాన్ని చూడండి

31 ప్రధాన సంఖ్య కాకపోతే ఇక్కడితో కథ అయిపోయేది. ఘాతాంకాన్ని రెండు చిన్న సంఖ్యల లబ్ధంగా విడదీయగలిగితే మొత్తం సంఖ్య కూడా విడిపోతుంది. 15 అంటే 3 × 5, అందుకని 2^15 − 1, అంటే 32767, 2^3 − 1 అయిన 7తోనూ, 2^5 − 1 అయిన 31తోనూ నిశ్శేషంగా పోతుంది. భాగించి చూడండి.

అయితే ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన పని జరిగిపోదు. 11 ప్రధానమే, కానీ 2^11 − 1 = 2047 = 23 × 89. అలాగే 2^23 − 1 అంటే 8388607, అది 47 × 178481. 2^29 − 1 కూడా 233 × 1103 × 2089గా విడిపోతుంది. ఇటలీకి చెందిన కాటాల్డి 1603లో 23, 29, 31, 37 నాలుగూ ప్రధాన సంఖ్యల్నిచ్చే ఘాతాంకాలే అన్నాడు. నాలుగింట్లో ఒప్పయింది మన 31 ఒక్కటే.

పైన వచ్చిన కారణాంకాలను ఒకసారి మళ్ళీ చూడండి. 23 నుంచి 1 తీస్తే 22, అది 11 గుణిజం. 89లోంచి 1 తీస్తే 88, అదీ 11 గుణిజమే. 47లోంచి 1 తీస్తే 46, అది 23 గుణిజం. 233లోంచి తీస్తే 232, అది 29 × 8. ఇది కాకతాళీయం కాదు. మెట్టు 4లో దీనితోనే పని.

మెట్టు 3: ఎక్కడిదాకా వెతకాలి?

ఒక సంఖ్య విడిపోతే రెండు కారణాంకాల్లో ఒకటైనా వర్గమూలం లోపే ఉంటుంది. 46340 వర్గం 2147395600, మన సంఖ్య కంటే కాస్త తక్కువ. 46341 వర్గం 2147488281, కాస్త ఎక్కువ. కాబట్టి 46340 దాటి చూడక్కర్లేదు. ఆ లోపు ప్రధాన సంఖ్యలు 4792 ఉన్నాయి. ఒక్కో భాగహారానికి ఐదు నిమిషాలు వేసుకున్నా, రోజుకి పది గంటల చొప్పున నలభై రోజుల పని. తప్పు చేయకుండా ఎవరు చేస్తారు?

చిన్న వాటిని మాత్రం సరదాకి చూసేద్దాం. అంకెలన్నీ కూడితే 46, మళ్ళీ కూడితే 10, మళ్ళీ 1. అంటే 9తో భాగిస్తే శేషం 1, కనుక 3తో భాగించినా 1. చివర 7 ఉంది కాబట్టి 5తో పోదు. 11 కోసం కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కలుపుతూ తీసేస్తూ వెళ్తే 12 వస్తుంది, శేషం 1. 7తో కూడా శేషం 1. ఇన్నిసార్లు 1 రావడం ఏమిటని అనుమానం వస్తే మంచిదే. దాన్ని మెట్టు 7 దాకా మనసులో ఉంచుకోండి.

మెట్టు 4: ఆయిలర్ జల్లెడ

ఈ వ్యాసంలో గుండెకాయ ఇదే, నెమ్మదిగా చదవండి.

మన సంఖ్యను నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య ఒకటి ఉందనుకుందాం. దాన్ని ‘క’ అందాం. 2^31 − 1ని క భాగిస్తోందంటే, 2^31ని కతో భాగిస్తే శేషం 1 అన్నమాట.

ఇప్పుడు 1, 2, 4, 8, 16... వీటిని వరుసగా కతో భాగిస్తూ శేషాలు రాసుకుంటూ పోండి. ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ 1 వస్తుంది, అక్కడి నుంచి అదే వరుస తిరుగుతుంది. వారాల్లాగే. ఇవాళ సోమవారం అయితే 7 గుణిజమైన రోజుల తర్వాతే మళ్ళీ సోమవారం వస్తుంది. అలాగే ఈ శేషాల చక్రానికీ ఒక పొడవు ఉంటుంది, ఆ పొడవు గుణిజాల దగ్గరే 1 వస్తుంది. 31వ ఘాతం దగ్గర 1 వచ్చింది కాబట్టి చక్రం పొడవు 31ని భాగించాలి. 31 ప్రధాన సంఖ్య. కాబట్టి పొడవు 1 అయినా కావాలి, 31 అయినా కావాలి. పొడవు 1 అంటే 2ని భాగిస్తే శేషం 1 రావాలి, అంటే క అనేది 1ని భాగించాలి. అది జరగదు. కాబట్టి పొడవు 31.

ఇక ఫెర్మా చెప్పిన పాత సూత్రం: క బేసి ప్రధాన సంఖ్య అయితే, 2ను క కంటే ఒకటి తక్కువ సార్లు గుణించి కతో భాగిస్తే శేషం 1. అంటే (క − 1)వ ఘాతం దగ్గర కూడా 1 వస్తుంది. చక్రం పొడవు 31 కాబట్టి క − 1 అనేది 31 గుణిజం. క బేసి కనుక క − 1 సరి సంఖ్య. రెండూ కలిస్తే క − 1 అనేది 62 గుణిజం. ఒక్క దెబ్బతో జల్లెడ కన్నాలు బాగా చిన్నవైపోయాయి.

రెండో దెబ్బ ఇంకా అందంగా ఉంటుంది. 2^31కి శేషం 1 అయితే 2^32కి శేషం 2. కానీ 2^32 అంటే 2^16 వర్గం. అంటే కతో శేషాలు చూస్తున్నప్పుడు 2 ఒక వర్గ సంఖ్యలా నడుచుకుంటోంది. ఇది అన్ని ప్రధాన సంఖ్యల దగ్గరా జరగదు. 7 దగ్గర జరుగుతుంది: 3 వర్గం 9, శేషం 2. 17 దగ్గర జరుగుతుంది: 6 వర్గం 36, శేషం 2. 23 దగ్గర 5 వర్గం 25, శేషం 2. కానీ 5, 11, 13 దగ్గర ఏ వర్గం తీసుకున్నా శేషం 2 రాదు. 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ వచ్చే ప్రధాన సంఖ్యల దగ్గర మాత్రమే ఇది జరుగుతుందని నియమం. దాని నిరూపణ ఇక్కడ ఇవ్వను, అదో పూట పని.

రెండు షరతులనూ కలపండి. 62 గుణిజానికి 1 కలిపితే 1, 63, 125, 187, ఆ తర్వాత 249తో మళ్ళీ మొదలు (248కి ఒక చుట్టు). 8తో వీటి శేషాలు వరుసగా 1, 7, 5, 3. మూడోదీ నాలుగోదీ పోయాయి. మిగిలినవి రెండే రూపాలు: 248 గుణిజానికి 1 కలిపినవి, 248 గుణిజానికి 63 కలిపినవి.

1ని పక్కన పెడితే, 46340 లోపు ఈ రెండు రూపాల్లో పడే సంఖ్యలు 373. వాటిలో 63 లాంటి సంయుక్త సంఖ్యల్ని కూడా తీసేస్తే చూడాల్సిన ప్రధాన సంఖ్యలు ఎనభై దగ్గర దగ్గర. 4792 ఎక్కడ, ఎనభై ఎక్కడ!

మెట్టు 5: ఒక్క భాగహారాన్ని దగ్గరుండి చూద్దాం

జాబితా మొదట్లో ఏమున్నాయో రాసుకోండి. 63 ప్రధానం కాదు. 249 మూడుతో పోతుంది. 311 ప్రధానం, అదే మన మొదటి అభ్యర్థి. 497 ఏడుతో పోతుంది. 559 అంటే 13 × 43. 745, 807, 993, 1055, 1241 అన్నీ సంయుక్తాలే. తర్వాత 1303, 1489 నిలబడతాయి.

311తో 2147483647ని నేరుగా భాగించొచ్చు. కానీ మన సంఖ్య 2 ఘాతం కంటే ఒకటే తక్కువ కాబట్టి ఇంకా తేలిక దారి ఉంది. 2^8 అంటే 256, అది 311కి 55 తక్కువ. శేషాన్ని −55గా రాసుకుందాం. దాని వర్గం 2^16: 3025. తొమ్మిది 311లు 2799, తీసేస్తే 226, అంటే −85. ఈ రెండింటినీ గుణిస్తే 2^24: 55 × 85 = 4675, పదిహేను 311లు 4665, మిగిలింది 10. భలే చిన్నది దొరికింది! ఇంకా ఏడు రెట్టింపులు కావాలి: 10 × 128 = 1280, నాలుగు 311లు 1244, మిగిలింది 36. కాబట్టి 2^31 శేషం 36, మన సంఖ్య శేషం 35. సున్నా కాదు. 311 అవుట్.

నమ్మకం కోసం తిరగేసి చూడండి: 311 × 6905092 = 2147483612. దానికి 35 కలిపితే మన సంఖ్య వచ్చేస్తుంది.

1303తో మీరు చేయండి. శేషం 226 రావాలి. రాకపోతే టెన్షన్ పడకండి, ఎక్కడో గుర్తు తారుమారై ఉంటుంది. రుణ శేషాల దగ్గరే ఎక్కువమంది జారిపడతారు.

ఇలా ఎనభై సార్లు. ఒక్కోటి ఐదు నిమిషాలు అనుకున్నా ఏడు గంటల పని. ఏ ఒక్కదానికీ సున్నా రాదు. ఆయిలర్ ఈ ఫలితాన్ని బెర్నూలీకి రాసిన లేఖలో 1772లో వెల్లడించాడు. పందొమ్మిదో శతాబ్దం మధ్యదాకా లోకానికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్యగా ఇదే చలామణీ అయింది.

మెట్టు 6: భాగించకుండానే తేల్చే పద్ధతి

ఏడు గంటలు కూడా ఎక్కువే అనిపిస్తే, ఒక్క భాగహారం కూడా లేకుండా పని తేల్చే పరీక్ష ఉంది. ఫ్రాన్స్‌లో లూకా 1870ల్లో మొదలుపెట్టాడు, అమెరికాలో లేమర్ 1930లో దాన్ని ఇప్పుడు మనం వాడే రూపానికి తెచ్చాడు. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేయండి. మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. మళ్ళీ వర్గం, మళ్ళీ 2 తీసివేత, మళ్ళీ శేషం. ఘాతాంకం కంటే 2 తక్కువ సార్లు ఇలా చేశాక సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. మనకి 29 సార్లు.

ముందు చిన్నదాని మీద చెయ్యి తిప్పుకుందాం. 2^7 − 1 = 127. ఐదు సార్లు చేయాలి. 4 నుంచి 14. 14 నుంచి 194, 127తో శేషం 67. 67 వర్గంలోంచి 2 పోతే 4487, శేషం 42. 42 నుంచి 1762, శేషం 111. 111 నుంచి 12319, అది సరిగ్గా 127 × 97, శేషం సున్నా. 127 ప్రధానం. ఇదే 2047 మీద చేస్తే తొమ్మిదో సారికి 1736 దగ్గర ఆగుతుంది, సున్నా రాదు. అది సంయుక్తం అని మనకి ముందే తెలుసు కదా.

శేషం తీయడానికి ఇక్కడ నిజంగా భాగించక్కర్లేదు. 9తో శేషం కావాలంటే అంకెలు కూడతాం కదా, 10 కంటే 9 ఒకటి తక్కువ కాబట్టి ఆ కిటుకు పని చేస్తుంది. ఇక్కడా అంతే, 128 కంటే 127 ఒకటి తక్కువ. 4487లో 128లు 35, మిగిలేది 7. రెండూ కూడితే 42. అయిపోయింది! 12319లో 128లు 96, మిగిలేది 31, కూడితే 127, అంటే సున్నా. 128తో భాగించడం కంప్యూటర్‌కి భాగహారమే కాదు, ద్విసంఖ్యామానంలో అది సంఖ్యను రెండు ముక్కలుగా కత్తిరించడం. అందుకే ప్రపంచంలోని అతి పెద్ద ప్రధాన సంఖ్యల పట్టికలో మెర్సెన్ జాతే పైన ఉంటుంది. 2024 అక్టోబర్‌లో ప్రకటించిన 2^136279841 − 1లో 4 కోట్ల 10 లక్షల పైచిలుకు అంకెలున్నాయి. దాన్ని ఖాయం చేసింది కూడా ఈ 4, 14, 194 పరీక్షే.

ఇప్పుడు మన 2^31 − 1 మీదికి రండి. మొదటి నాలుగు అడుగులూ తేలికే: 4, 14, 194, 37634, 1416317954. ఇంతవరకూ సంఖ్య మన హద్దు దాటలేదు కాబట్టి శేషం తీయాల్సిన పనే లేదు. ఐదో అడుగులో వర్గం చేసి 2 తీస్తే 2005956546822746114. ఇందులో 2147483648లు 934096307, మిగిలేది 1883058178. రెండూ కూడితే 2817154485. ఇది మన సంఖ్య దాటింది కనుక ఒకసారి తీసేస్తే 669670838. మీకు కూడా ఇదే వస్తే సరైన దారిలో ఉన్నారు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మొదటిసారి ఇది చేసినప్పుడు స్ప్రెడ్‌షీట్‌లో 29 వరుసలు వేసి ఫార్ములా కిందికి లాగాను. చివర సున్నా రాలేదు. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని, ఆయిలర్ పప్పులో కాలేశాడేమో అని కూడా అనుకున్నాను. తెల్లారి లేచి ఐదో వరుస సరిగ్గా చూస్తే చివరి నాలుగు అంకెలూ సున్నాలు. స్ప్రెడ్‌షీట్ 15 అంకెల దాకానే గుర్తుంచుకుంటుంది. మన వర్గాలకి 19 అంకెల దాకా వస్తాయి. పైథాన్‌లో పూర్ణ సంఖ్యలకి హద్దు లేదు కాబట్టి ఈ బెడద ఉండదు. ఫోన్ కాలిక్యులేటర్‌ని కూడా ఈ మెట్టు దగ్గర నమ్మకండి. మెట్టు 5 దాకా అది చాలు.

29వ అడుగులో సున్నా వస్తుంది. దాని ముందు ఏమొస్తుందో ఊహించొచ్చు: దాని వర్గంలోంచి 2 తీస్తే సున్నా కావాలి, అంటే వర్గం 2తో సమానం కావాలి. 2^16 వర్గం 2^32, దాని శేషం 2. కాబట్టి 28వ అడుగులో 65536 అయినా రావాలి, దాని రుణ రూపమైన 2147418111 అయినా రావాలి. రెండింట్లో ఏదో మీరే చూడండి.

తప్పుదారి ఒకటి ఉంది, చాలామంది అందులో పడతారు. ఫెర్మా సూత్రాన్ని తిరగేసి, 2ను (సంఖ్య − 1) సార్లు గుణిస్తే శేషం 1 వచ్చింది కాబట్టి ప్రధానమే అనేస్తారు. మెర్సెన్ రూపంలో ఉన్నవాటికి 2తో ఈ పరీక్ష పెట్టడం దండగ. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే చాలు, ఇది ఎప్పుడూ పాసే. 2047 కూడా పాసవుతుంది. 2^11 శేషం 1, 2046 అంటే 11 × 186, కాబట్టి 2^2046 శేషం కూడా 1. అయినా అది 23 × 89. ఈ పరీక్ష పెట్టాలంటే 2 బదులు 3 వాడండి. అప్పుడు 2047 పట్టుబడుతుంది.

ఏ రూపంలో ఉన్న సంఖ్యనైనా, ఏ అదృష్టం మీదా ఆధారపడకుండా, సహేతుకమైన సమయంలో తేల్చే పద్ధతి ఉందని 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా చూపించారు. సిద్ధాంతపరంగా అది పెద్ద మలుపు. మన సంఖ్యకి మాత్రం లూకా పద్ధతి ముందు అది ఆనదు.

మెట్టు 7: ఇక గుణాలు చదవడం

ప్రధానమని తేలాక అసలు సరదా మొదలవుతుంది. ఒకటి తీసేసి విడదీయండి. 2147483646 అంటే 2 × (2^30 − 1). దాన్ని 32767 × 32769గా విడగొడితే పని తేలిక. మొదటిది 7 × 31 × 151, రెండోది 9 × 11 × 331. మొత్తం కలిపి 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331. మెట్టు 3లో 3, 7, 9, 11 అన్నింటితోనూ శేషం 1 ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా. 31, 151, 331తో భాగించినా 1 మిగులుతుంది.

ఈ విభజనతో ఇంకో పని ఉంది. 7ను వరుసగా గుణిస్తూ మన సంఖ్యతో శేషాలు తీస్తూ పోతే, 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కొక్కసారి వచ్చాకే మళ్ళీ 1 వస్తుంది. ఇలాంటి దాన్ని ప్రిమిటివ్ రూట్ అంటారు. ఈ సంఖ్యకి 7 అతి చిన్న ప్రిమిటివ్ రూట్. 2 అయితే 31 అడుగుల్లోనే చుట్టు తిరిగి వచ్చేస్తుంది. 7 సంగతి తేల్చడానికి 214 కోట్ల గుణకారాలు అక్కర్లేదు, పై ఏడు ప్రధాన కారణాంకాలకి ఒక్కోటి చొప్పున ఏడు తనిఖీలు చాలు.

దీన్ని ప్రోగ్రామర్లు బాగా వాడుకున్నారు. 7ను ఐదుసార్లు గుణిస్తే 16807. 5 పై కారణాంకాల్లో లేదు కాబట్టి 16807 కూడా అన్ని సంఖ్యలనూ చుట్టి వస్తుంది. 1తో మొదలుపెట్టి ప్రతిసారీ 16807తో గుణించి శేషం తీస్తే 16807, 282475249, 1622650073... చూడ్డానికి ఏ వరుసా లేనట్టు ఉంటాయి. యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించడానికి దశాబ్దాల పాటు ఇదే యంత్రం. పార్క్, మిల్లర్ అనే ఇద్దరు 1988లో దీన్ని కనీస ప్రమాణంగా సిఫార్సు చేశారు. ప్రోగ్రామ్ సరిగ్గా రాశారో లేదో చూసుకోవడానికి ఒక గుర్తు: పదివేలో సంఖ్య 1043618065 రావాలి. రహస్య సంకేతాలకి, పాస్‌వర్డ్‌లకి మాత్రం దీన్ని వాడకండి. ఒక్క సంఖ్య తెలిస్తే తర్వాతివన్నీ ఎవరైనా చెప్పేస్తారు.

8తో భాగిస్తే మన సంఖ్యకి శేషం 7. దీని వల్ల ఒక వింత. ఏ వర్గాన్ని 8తో భాగించినా శేషం 0, 1, 4 మాత్రమే వస్తుంది. అలాంటి మూడింటిని ఎలా కూడినా 7 రాదు. కాబట్టి 2147483647ని రెండు వర్గాల మొత్తంగానూ రాయలేం, మూడు వర్గాల మొత్తంగానూ రాయలేం. కచ్చితంగా నాలుగు కావాలి.

నాకు బాగా నచ్చే గుణం వర్గమూలాల గురించి. మామూలు ప్రధాన సంఖ్యల దగ్గర శేషాల్లో వర్గమూలం కనుక్కోవడం కాస్త తంటా. ఇక్కడ 1 కలిపితే 2^31, దాన్ని 4తో భాగిస్తే 2^29. కాబట్టి ఏ సంఖ్యకి వర్గమూలం ఉందో దాన్ని 29 సార్లు వర్గం చేస్తూ పోతే వర్గమూలం దగ్గర తేలతాం. మూలం కోసం వర్గం చేయడమేమిటి అనిపిస్తుంది! 127 మీద చూడండి, అక్కడ ఐదుసార్లు చాలు. 2కి మూలం కావాలి. 2 నుంచి 4, 16, 256 అంటే 2, మళ్ళీ 4, మళ్ళీ 16. ఐదయ్యాయి. 16 వర్గం 256, శేషం 2. కుదిరింది.

ఇరుగు పొరుగు సంగతి. ముందున్న ప్రధాన సంఖ్య 2147483629, తర్వాతిది 2147483659. కవల జంట, అంటే రెండే తేడా ఉన్న ప్రధాన సంఖ్య ఏదీ లేదు, ఎందుకంటే రెండు తక్కువైతే చివర 5 వస్తుంది, రెండు ఎక్కువైతే 3తో పోతుంది. 2 నుంచి లెక్కపెడితే ఇది 10 కోట్ల 50 లక్షల 97 వేల 565వ ప్రధాన సంఖ్య.

దీన్ని 2^30తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది. ఇది ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య, అంటే 6 (1 + 2 + 3), 28 లాగా తనను మినహాయించి మిగిలిన భాజకాలన్నీ కూడితే మళ్ళీ తానే వచ్చే సంఖ్య. ఇంగ్లండ్‌కి చెందిన బార్లో 1811లో, ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనుక్కోరని, పనికొచ్చేది కాదు కాబట్టి ఎవరూ ప్రయత్నించరని రాశాడు. పనికిరాని వాటి కోసం జనం ఎంత కష్టపడతారో ఆయన అంచనా వేయలేకపోయాడు.

కంప్యూటర్లలో ఈ సంఖ్య ఎందుకు కనిపిస్తుంది?

ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళు ఈ అంకెల్ని చూడగానే గుర్తుపట్టి ఉంటారు. కంప్యూటర్ ఒక సంఖ్యను దాచుకునే పెట్టెలో 32 బిట్లు, అంటే 0 గానీ 1 గానీ పట్టే గళ్ళు, ఉంటే, వాటిలో ఒకటి ప్లస్ మైనస్ గుర్తుకి పోగా మిగిలేవి 31. అన్నీ ఒకట్లయితే మన సంఖ్య. ఆ పెట్టెలో పట్టే అతి పెద్ద విలువ ఇదే. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత సిస్టమ్‌లు 2038 జనవరి 19న, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి ఈ అంకెకి చేరతాయి. ఆ పై సెకను నుంచి, 64 బిట్లకి మారనివి తిరిగి 1901లోకి జారిపోతాయి. ఇది ప్రధాన సంఖ్య కావడానికీ ఈ హద్దుకీ సంబంధం లేదు, ఉత్త కాకతాళీయం. 64 బిట్ల పెట్టె హద్దు 2^63 − 1. మెట్టు 2 చదివినవాళ్ళు భాగించకుండానే చెప్పగలరు, 63 అంటే 3 × 21 కాబట్టి అది 7తో పోతుంది.

చెయ్యి తిరిగాక 2^61 − 1 పట్టుకోండి. 2305843009213693951. మెర్సెన్ జాబితాలో ఇది జారిపోయింది. 1883లో రష్యాలో పెర్వూషిన్ అనే చర్చి పూజారి ఇది ప్రధానమే అని తేల్చాడు. దీనికి వర్గమూలం 151 కోట్ల 85 లక్షల దగ్గర పడుతుంది. 4వ మెట్టులోని జల్లెడ పట్టినా 62 లక్షల దాకా అభ్యర్థులు మిగులుతాయి, ఆ దారి ఎక్కొద్దు. 6వ మెట్టులోని పద్ధతి అయితే 59 వర్గాలు, అంతే. మొదటి ఐదు అడుగుల విలువలూ మన నోటుబుక్కులో ఇప్పటికే ఉన్నాయి: 14, 194, 37634, 1416317954, 2005956546822746114. హద్దు పెద్దది కాబట్టి ఐదోది కూడా అందులోనే ఇమిడిపోతుంది. శేషం తీయడం ఆరో అడుగు నుంచి మొదలుపెట్టండి.